తెలుగు మీడియం నుంచి వచ్చాను, అనాటమీ బుర్రకెక్కడం లేదు: ఒక సిస్టరు జవాబు

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర పల్లెటూరి అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. పదో తరగతి వరకూ తెలుగు మీడియంలో చదివి, ఇంటర్ ఒకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ, అంటే ఆరోగ్య కార్యకర్త కోర్సు, తీసుకుంది. అనాటమీ, ఫిజియాలజీ పుస్తకం తెరిస్తే నోరు తిరగని పేర్లు. రెండు నెలలుగా ఎముకల దగ్గరే ఉందట. రాత్రి చదివింది పొద్దున్నకి ఉండటం లేదట. "206 ఎముకలూ బట్టీ పట్టాల్సిందేనా మేడమ్? ఇంట్లో వాళ్లు బైపీసీకి మారిపొమ్మంటున్నారు, మారిపోనా?" అని అడిగింది. ఆఖర్న ఇంకో చిన్న మాట కూడా రాసింది. పునరుత్పత్తి చాప్టర్ చదవాలంటే సిగ్గుగా ఉందని, క్లాసులో కూడా దాన్ని గబగబా దాటేశారని. దానికి చివర్లో వస్తాను.

మారకమ్మా. బైపీసీలోనూ గుండెకి నాలుగు గదులే, కిడ్నీలు రెండే. అక్కడికి వెళ్తే ఇవన్నీ తగ్గిపోవు, పైగా మొక్కలు కూడా చదవాలి.

నాది నరసన్నపేట దగ్గర ఊరు. నేనూ తెలుగు మీడియమే. విజయనగరంలో జీఎన్‌ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, చేశాను, ఇరవై ఆరేళ్లుగా వార్డుల్లోనే ఉన్నాను, పిల్లలకి పాఠాలూ చెప్పాను. మొదటి ఏడాది ఇంటర్నల్స్‌లో అనాటమీ తప్పాను. ఎలా తప్పానో చెబితే నవ్వుతావు. 'ఇలియం గురించి రాయండి' అని పది మార్కుల ప్రశ్న వచ్చింది. చిన్నపేగులో ఆఖరి భాగం ఇలియం కదా అని పేజీన్నర రాశాను, బొమ్మ కూడా వేశాను. వాళ్లు అడిగింది తుంటి ఎముక. పలికితే రెండూ ఒకటే, తెలుగులో రాసినా ఒకటే. ఇంగ్లీషు స్పెల్లింగులో మధ్య అక్షరం ఒక్కటే తేడా, ఎముకదైతే 'ఐ', పేగుదైతే 'ఈ'. పదికి సున్నా వేశారు. ఆ రోజు హాస్టల్లో అన్నం తినలేదు.

అప్పుడు నేను చేసిన తప్పూ, ఇప్పుడు నువ్వు చేస్తున్న తప్పూ ఒకటే. ముందు పేరు పట్టుకుంటున్నాం, తర్వాత అది ఎక్కడుందో వెతుకుతున్నాం, అదేం పని చేస్తుందో చూసేసరికి నిద్ర వచ్చేస్తోంది. తిరగెయ్యి. ముందు చేత్తో తడుము. అది ఏం చేస్తుందో తెలుగులోనే ఆలోచించు. పేరు ఆఖర్న తగిలించు, అప్పుడది ఊడిపోదు.

ఇప్పుడే నీ కుడిచేతి మణికట్టు పట్టుకో. బొటనవేలి వైపు గట్టిగా తగిలే ఎముక రేడియస్. చిటికెనవేలి వైపు, మణికట్టు పైన బొడిపెలా కనిపించేది అల్నా. రేడియస్ మీద, బొటనవేలి కిందుగా రెండు మూడు వేళ్లు ఆనిస్తే కొట్టుకునేది రేడియల్ పల్స్. రోజుకి ముప్ఫైసార్లు చూడబోయే నాడి అదే, పేరు ఆ ఎముకదే. ఎముక, రక్తనాళం, నీ పని, మూడూ ఒకేచోట దొరికాయా? నీ బొటనవేలితో మాత్రం చూడకు, అందులోనూ నాడి కొట్టుకుంటుంది, పేషెంటుది లెక్కపెడుతున్నాననుకుని నీదే లెక్కపెడతావు. నేను చేశాను ఆ పని కూడా.

206 సంగతంటావా. నర్సుకి రోజూ పనికొచ్చేవి చాలా కొద్ది, అవన్నీ చర్మం కింద చేతికి తగిలేవే. మెడ కింద అడ్డంగా ఉన్న క్లావికల్, ఛాతీ మధ్య స్టెర్నమ్, నడుం మీద చెయ్యి పెట్టుకున్నప్పుడు చేతికి ఆనే ఇలియాక్ క్రెస్ట్ (నా సున్నా మార్కుల ఎముక), తొడ పక్కన తగిలే గ్రేటర్ ట్రోకాంటర్, బల్ల కోణం తగిలితే కళ్లల్లో నీళ్లు తెప్పించే టిబియా. స్నానం చేస్తున్నప్పుడు తడుముకుంటూ పైకి చెప్పుకో. మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకల పేర్లు పరీక్ష ముందురోజు బట్టీ పట్టు, పరీక్షయ్యాక మర్చిపో. ఇందులో దాపరికం ఏమీ లేదు, నేనూ అంతే చేశాను.

ఒక్క చోట మాత్రం ఆగు. పుట్టిన బిడ్డకి ఎముకలు మూడు వందల దాకా ఉంటాయి. పెరిగేకొద్దీ ఒకదానితో ఒకటి అతుక్కుని 206 అవుతాయి. నెత్తి మీద ఎముకలు ఇంకా కలవని చోటునే మన అమ్మమ్మలు మాడు అంటారు. పుస్తకంలో అది యాంటీరియర్ ఫాంటనెల్, చాలామంది పిల్లల్లో ఏడాదిన్నరకల్లా మూసుకుంటుంది. విరేచనాలవుతున్న పిల్లాణ్ణి తెచ్చి "మాడు లోపలికి పోనాదమ్మా" అని తల్లి చెబితే, డీహైడ్రేషన్ గుర్తుని ఆవిడ నీకంటే ముందే పట్టేసిందన్న మాట. తెలుగులో మనకి తెలిసిన శరీరం ఇంత ఉంది. దాన్ని పక్కనపెట్టి కొత్తగా మొదలుపెట్టక్కర్లేదు.

చర్మం పొరల చాప్టర్ ఉంది కదా, అది చప్పగా ఉంటుందని పిల్లలు దాటేస్తుంటారు. మీ ఊళ్లో టీకాల రోజున ఏఎన్‌ఎం (టీకాలేసే నర్సమ్మ) పక్కన గంటసేపు కూర్చో. క్షయకి వేసే బీసీజీ ఎడమ భుజం మీద చర్మం పొరల్లోనే ఇస్తారు. సూది దాదాపు పడుకోబెట్టి, పది పదిహేను డిగ్రీల కోణంలో. సరిగ్గా పడితే చిన్న బొబ్బలా లేస్తుంది. తట్టు, రుబెల్లాలకి వేసే ఎంఆర్ టీకా కుడి భుజం మీద, చర్మం కిందున్న కొవ్వు పొరలో. ఐదు జబ్బులకి కలిపి వేసే పెంటావేలెంట్ తొడ బయటివైపు కండరంలోకి, సూది నిటారుగా. ఎపిడెర్మిస్, డెర్మిస్, సబ్‌క్యుటేనియస్ పొర, దాని కింద కండరం. నువ్వు పేజీలో చదివి మర్చిపోతున్న వరసంతా ఆ మూడు సూదుల్లోనే ఉంది. పసిబిడ్డకి పిరుదులో ఎందుకివ్వరో తెలుసా? అక్కడ కండరం ఇంకా పెరగదు, పైగా లోపల సయాటిక్ నరం పోతుంది. పెద్దవాళ్లకి పిరుదులో ఇచ్చేటప్పుడు కూడా పైభాగంలో, బయటివైపు అని పట్టుబట్టేది ఆ నరం కోసమే.

ఇక గుండె. నేను తప్పిన తర్వాత ఒక వార్డు సిస్టరు మమ్మల్ని ఐదుగురిని ఆదివారం సాయంత్రం హాస్టల్ వరండాలోకి పిలిచింది. సుద్దముక్క ఇచ్చి, తొక్కుడుబిళ్లకి గీసినట్టే నేలమీద నాలుగు గళ్లు గీయించింది. పైన రెండు ఏట్రియమ్‌లు, కింద రెండు వెంట్రికల్స్. మధ్యలో అడ్డగోడ, దానికి ఎక్కడా దారి లేదు. పైగడికీ కిందిగడికీ మధ్య ఒక తలుపు. కుడివైపు తలుపుకి మూడు రెక్కలు, ఎడమవైపు దానికి రెండు. ఇటు పక్కన రెండు పెద్ద గళ్లు గీసి ఊపిరితిత్తులంది, వరండా చివరున్న బావిగట్టుని శరీరమంది.

"నువ్వు రక్తపు చుక్కవి, నడువ్" అంది. చేతిలో నీలం రిబ్బను పట్టుకుని బావిగట్టు దగ్గర బయల్దేరాలి. శరీరం నుంచి రక్తం తెచ్చే పెద్ద వెయిన్ వీనా కావాలో వచ్చి కుడి ఏట్రియమ్‌లో అడుగు పెట్టాలి, ట్రైకస్పిడ్ తలుపు దాటి కుడి వెంట్రికల్‌లోకి, అక్కడినుంచి పల్మనరీ ఆర్టరీలో ఊపిరితిత్తుల్లోకి. అక్కడ నీలం రిబ్బను పడేసి ఎర్ర రిబ్బను తీసుకోవాలి. పల్మనరీ వెయిన్‌లో ఎడమ ఏట్రియమ్‌కి, మైట్రల్ తలుపు దాటి ఎడమ వెంట్రికల్‌కి, అన్నిటికంటే పెద్ద ఆర్టరీ అయోర్టాలోంచి మళ్లీ బావిగట్టుకి. ప్రతి గడిలోనూ పేరు గట్టిగా అరవాలి. తప్పు చెబితే మొదటికి.

నేను పల్మనరీ ఆర్టరీ దగ్గర మూడుసార్లు తప్పాను. ఆర్టరీ అంటే మంచి రక్తం అని స్కూల్లో నేర్చుకున్నాం కదా, మరి చేతిలో నీలం రిబ్బను ఉందేమిటని ఆగిపోయేదాన్ని. "రంగు చూడకే పిల్లా, దారి చూడు. గుండెలోంచి బయటికి పోయేది ఆర్టరీ, గుండెలోకి వచ్చేది వెయిన్" అంది ఆవిడ. అంతే, ఇన్నేళ్లలో మళ్లీ తప్పలేదు. ఇంకోటి, పుస్తకం బొమ్మలో కుడి అంటే పేషెంటు కుడి, అంటే నీ ఎడమచేతి వైపు. దాదాపు అందరూ మొదట్లో ఇక్కడ తికమక పడతారు.

ఆ గళ్లు వచ్చేస్తే ఫిజియాలజీ సగం వచ్చినట్టే. కుడివైపు పంపు నీరసిస్తే రక్తం వెనక్కి ఎటు నిలిచిపోతుంది? బావిగట్టు వైపు, అంటే శరీరంలో. కాళ్లకి నీరు పడుతుంది. ఎడమవైపు పంపు నీరసిస్తే? ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే కాస్త నయం. ఇది బట్టీ పట్టావా? లేదు, గళ్లలో వెనక్కి నడిచావు.

ఆదివారం మాంసం కొట్టుకి వెళ్తే మేక గుండెకాయ, ఒక కిడ్నీ కోయకుండా ఇమ్మని అడుగు. ఇంటికి తెచ్చి నిలువుగా కోసి చూడు. ఎడమ వెంట్రికల్ గోడ కుడిదానికంటే ఎంత మందంగా ఉందో వేలితో నొక్కితేనే తెలుస్తుంది. కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకి కొట్టాలి, ఎడమది కాలి బొటనవేలి దాకా కొట్టాలి మరి. తలుపుల్ని పట్టుకున్న దారాలు కూడా కనిపిస్తాయి. కిడ్నీ కోస్తే పైన ఒక రంగు, లోపల ఒక రంగు, కార్టెక్స్, మెడుల్లా. మేక పొట్ట మాత్రం చూసి నేర్చుకోకు, దానికి నాలుగు అరలుంటాయి, మనకి ఒకటే. చూడటం అయ్యాక కూర వండేసుకోవచ్చు, మా అమ్మ అలాగే చేసేది, కాకపోతే తిట్టుకుంటూ.

కిడ్నీ గురించి మన జిల్లా పిల్లకి ఎంత చెప్పినా తక్కువే. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు, కిడ్నీ పేషెంటు ఉన్న ఇల్లు నీకూ తెలిసే ఉంటుంది. నేను ఆ వైపు ఒక డయాలిసిస్ యూనిట్‌లో పనిచేశాను. కిడ్నీ చాప్టర్ నాకు నిజంగా అర్థమైంది అక్కడే.

పుస్తకం ఏమంటుంది? ఒక్కో కిడ్నీలో పది లక్షల దాకా నెఫ్రాన్లు, అంటే రక్తాన్ని వడపోసే బుల్లి భాగాలు. నిమిషానికి 125 మిల్లీలీటర్లు వడపోత, రోజుకి 180 లీటర్లు. ఈ అంకె నేను చాలా ఏళ్లు ఊరికే అప్పజెప్పాను. 180 లీటర్లంటే మన ఇంట్లో మంచినీళ్ల బిందెలు పది. రోజుకి పది బిందెలు వడబోసి, అందులో దాదాపు అంతా మళ్లీ రక్తంలోకి లాక్కుని, లీటరు, లీటరున్నర మాత్రం బయటికి వదులుతుంది. కాబట్టి నెఫ్రాన్‌లో గ్లొమెరులస్ అనే జల్లెడ కంటే, తిరిగి లాక్కునే ఆ పొడవాటి గొట్టాలకే పని ఎక్కువ. ఉద్దానం జబ్బులో దెబ్బ ముఖ్యంగా తగిలేది ఆ గొట్టాల దగ్గరే. అందుకే చాలామందికి మొదట్లో ఒళ్లు వాచదు, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, మనిషి కొబ్బరితోటలో పని చేసుకుంటూనే ఉంటాడు. కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం రక్తంలో ఎంత మిగిలిందో చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయిస్తే అప్పుడు బయటపడుతుంది. కిడ్నీ పని సగం తగ్గేదాకా ఆ అంకె కూడా పెద్దగా కదలదు.

కవిటి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు, వారానికి రెండుసార్లు. మిషను ఎక్కేముందు కాటా మీద నిలబెట్టి బరువు రాసేవాళ్లం, నాలుగు గంటల తర్వాత దిగాక మళ్లీ. ఒకరోజు మూడు కిలోలు తగ్గాడు. "ఏటమ్మా, నాలుగ్గంటల్లో మూడు కేజీలు దోసీసినారు, మీ కాటా సరిగ్గా ఉందేటి?" అని నవ్వాడు. ఆ మూడు కిలోలూ నీళ్లే. ఒక లీటరు నీళ్లు ఒక కిలో. రెండు డయాలిసిస్‌ల మధ్య ఆయన తాగిన టీ, మజ్జిగ, చారు, ఏదీ మూత్రంగా బయటికి పోక ఒంట్లోనే ఉండిపోయాయి. పేషెంటు తాగిందీ, మూత్రంగా పోయిందీ రాసే ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టు ఎందుకు రాస్తామో నేను పిల్లలకి ఆ కాటా దగ్గరే చెప్పేదాన్ని.

ఆయన ఎడమచేతికి ఫిస్టులా ఉండేది. ఆర్టరీని తెచ్చి వెయిన్‌కి కలిపి కుడతారు. ఆర్టరీ వేగం తగిలి వెయిన్ కొన్ని వారాల్లో వేలంత లావెక్కుతుంది, మందంగా అవుతుంది, అప్పుడు డయాలిసిస్ సూదులు అందులో గుచ్చుతారు. దానిమీద చెయ్యి ఆనిస్తే లోపల తేనెటీగ ఉన్నట్టు జుయ్యిమంటుంది. ఆర్టరీలో ఒత్తిడి ఎంత, వెయిన్‌లో ఎంత అన్న పాఠం వేళ్లకి తెలిసేది అక్కడే. ఆ చేతికి బీపీ కట్టకూడదు, రక్తం తీయకూడదు. నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల ఒకర్తె ఆ చేతికే బీపీ పట్టీ చుట్టబోతే ఆయనే చెయ్యి వెనక్కి లాక్కుని, "ఇది మిషను సెయ్యమ్మా, ఆ సేతికి కట్టు" అన్నాడు.

డయాలిసిస్ అయ్యాక కొంతమందికి ఒక ఇంజెక్షన్ ఇస్తాం, ఎరిత్రోపొయిటిన్. ఎముకలోని మూలుగుని రక్తకణాలు తయారు చెయ్యమని చెప్పే హార్మోన్ అది, మామూలుగా కిడ్నీయే చేస్తుంది. కిడ్నీ పోయినవాళ్లు పాలిపోయి ఉండటానికి ఒక పెద్ద కారణం ఇదే. ఎముకల చాప్టర్, రక్తం చాప్టర్, కిడ్నీ చాప్టర్ పుస్తకంలో వేర్వేరుగా ఉంటాయి గానీ మనిషిలో ఉండవు.

ఊపిరి సంగతి శ్రీకాకుళం వాళ్లకి చెప్పడం తేలిక. కోడి రామ్మూర్తి స్టేడియం చూశావు కదా. ఆ రామ్మూర్తి నాయుడు వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు, ఛాతీకి ఇనుప గొలుసు కట్టించుకుని ఊపిరి బిగబట్టి తెంపేసేవాడు. మనం ఏమనుకుంటాం? ఊపిరితిత్తులు గాలి పీల్చుకుంటే ఛాతీ ఉబ్బుతుందని. అసలు జరిగేది తిరగబడి ఉంటుంది. ఉదరవితానం, అంటే డయాఫ్రమ్, కిందికి దిగుతుంది, పక్కటెముకల మధ్య కండరాలు ఎముకల్ని పైకి, బయటికి లాగుతాయి, లోపల చోటు పెరిగి ఒత్తిడి తగ్గుతుంది, అప్పుడు గాలి దానంతటదే లోపలికి వస్తుంది. గొలుసు మీద పడింది కండరాల బలం, గాలి బలం కాదు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని గట్టిగా ఊపిరి తీసి చూడు, డయాఫ్రమ్ దిగితే పొట్ట ముందుకొస్తుంది. ఆయాసంతో వచ్చిన మనిషిని తలవైపు మంచం ఎత్తి కూర్చోబెట్టేది కూడా ఇందుకే, పొట్టలోని పేగులవీ కిందికి జారితే డయాఫ్రమ్ దిగడానికి చోటుంటుంది.

పేర్ల గురించి రెండు మాటలు. మొత్తం పేరు మింగొద్దు, ముక్కలు చెయ్యి. నెఫ్రో అంటే కిడ్నీ, హెపాటో కాలేయం, గ్యాస్ట్రో జీర్ణాశయం, ఐటిస్ అంటే వాపు, ఎక్టమీ అంటే కోసి తీసేయడం, టాకీ అంటే వేగం ఎక్కువ, బ్రాడీ అంటే తక్కువ. ఇలాంటి ముక్కలు యాభై వస్తే కొన్ని వందల పేర్లు వాటంతటవే విడిపోతాయి. హైపో (తక్కువ), హైపర్ (ఎక్కువ) మాత్రం కళ్లు పెట్టి చదువు. షుగరు పేషెంటు దగ్గర ఆ ఒక్క అక్షరం తారుమారైతే పంచదార ఇవ్వాల్సిన మనిషికి ఇన్సులిన్ ఇస్తారు. యురేటర్ (కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే గొట్టం), యురెత్రా (మూత్రాశయం నుంచి బయటికి పోయే గొట్టం) కూడా అంతే. మన తెలుగు పుస్తకం మాటల్లోనూ ఒక గోతి ఉంది, జఠరిక గుండెలోది, జఠర రసం పొట్టలోది. పదో తరగతిలో నేర్చుకున్న కర్ణిక (ఏట్రియమ్), జఠరికల్ని (వెంట్రికల్స్) పారేయకు. నోట్సులో ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఇంగ్లీషు రాసుకో. పరీక్షకి బొమ్మ పెన్సిల్‌తో వెయ్యి, పుస్తకం మూసి వెయ్యి, అంతే.

ఇక నువ్వు సిగ్గుపడుతూ రాసిన మాట. తల్లీ, నువ్వు చేయబోయే పనిలో సగం ఆ చాప్టరే. గర్భిణి పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచి ఎంతదాకా వచ్చిందో చెప్పాలి. పన్నెండో వారానికి ప్యూబిక్ ఎముక పైన అప్పుడే చేతికి తగులుతుంది, ఇరవై నాలుగో వారానికి బొడ్డు దగ్గరికొస్తుంది, ముప్ఫై ఆరుకి ఛాతీ ఎముక కింది కొస దాకా. నీ క్లాసులో దాటేసి ఉండొచ్చు గానీ, మన ఆడవాళ్లు ఎప్పుడూ దాటెయ్యలేదు. నెల తప్పడం, ఉమ్మనీరు, మాయ, బొడ్డు, గర్భసంచి మూతి, అన్నిటికీ మాటలున్నాయి, ఎవరూ గొంతు తగ్గించి చెప్పరు. మీ అమ్మమ్మ ఇంట్లోనే పురుళ్లు చూసిన మనిషై ఉంటుంది. రాత్రి ఆవిడ పక్కన పడుకుని, మాయ పడకపోతే ఏం చేసేవారో, బిడ్డని వెంటనే రొమ్ముకి ఎందుకు పట్టించేవారో అడుగు. బిడ్డ పాలు కుడితే తల్లి మెదడులోంచి ఆక్సిటోసిన్ విడుదలవుతుంది. అదే పాలని దించుతుంది, అదే గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది. కండరం బిగిస్తే మధ్యలో ఉన్న రక్తనాళాలు నొక్కుకుని రక్తం ఆగుతుంది. ఇప్పుడు ఆసుపత్రిలో కాన్పు అవ్వగానే తొడకి ఇచ్చే ఇంజెక్షన్ కూడా ఆ ఆక్సిటోసినే. మీ అమ్మమ్మ చెప్పింది విన్నాక, తెల్లారి ఆ చాప్టర్ తెరువు. చదివి ఎక్కడ ఆగిపోయావో రాయి, అక్కణ్ణుంచి చెబుతాను.